దొరపుట్టుగ నుంచి ఒక్క నామినేషన్

ఆ ఉదయం పోలారావు కాఫీ గ్లాసు చల్లారిపోతున్నా పట్టించుకోకుండా ఫోనులో ఒకే ఫొటోను మూడుసార్లు చూశాడు. మూడోసారి వేళ్లతో పెద్దది చేసి మరీ చూశాడు. మనిషి మారలేదు. రవిశంకరే. ముందురోజు సాయంత్రం దాకా దొరపుట్టుగలో తమ పార్టీ అభ్యర్థికి భర్తగా చలామణీ అయినవాడు ఇప్పుడు పలాసలో ఎవరిదో కల్యాణ మండపం మెట్ల మీద నిలబడి, మెడలో అధికార పార్టీ కండువాతో, పెళ్లికొడుకులా నవ్వుతున్నాడు. పక్కనే అతని భార్య. నామినేషన్ వెయ్యవలసిన మనిషి ఆమే.

ఎంపీటీసీ ఎన్నికల నామినేషన్లకు ఆ రోజే ఆఖరు. సాయంత్రం అయిదు గంటల వరకే గడువు. మండలంలో పదహారు స్థానాలుంటే పోలారావు ఊరూరా తిరిగి, బతిమాలి, పాత స్నేహాలు గుర్తుచేసి పదకొండింటికి మనుషుల్ని వెతకగలిగాడు. మిగిలిన వాటిని వదులుకున్నాడు. కాని దొరపుట్టుగ అలా వదులుకునే స్థానం కాదు. అది అతని సొంతూరు. తండ్రి కాలం నుంచి నలభై ఏళ్లుగా ఆ ఊళ్లో ఏ ఎన్నిక జరిగినా, గెలిచినా ఓడినా, బ్యాలెట్ కాగితం మీద తమ గుర్తు ఉండేది. టెక్కలిలో ఉండే మాజీ ఎమ్మెల్యే తిరుమలరావుగారు వారం కిందటే ఫోను చేసి మెత్తగా చెప్పారు: "పార్టీ మండలాధ్యక్షుడి సొంతూళ్లో ఏకగ్రీవం అయిపోనాదంటే, ఆ అధ్యక్షుడు దేనికని పైవాళ్లు అడుగుతారు పోలారావూ. నాను జవాబు చెప్పలేను."

ఆయన మెత్తగా చెప్పినప్పుడే భయపడాలని పోలారావుకు ముప్ఫయ్యేళ్ల అనుభవం మీద తెలుసు.

వంటింటి గుమ్మం దగ్గర కామేశ్వరమ్మ నిలబడి ఉంది. స్థానం మహిళలకు కేటాయించారు కాబట్టి అతని చూపు ఎటు తిరుగుతుందో ఆమెకు ముందే తెలుసు.

"నా పేరు మటుకు రాయకండి," అంది.

"ఒక్క సంతకం కామేశ్వరీ. మిగతాదంతా నాను సూసుకుంటాను."

"అదే వద్దంటన్నాను. ఆయేడు కూడా ఇదే మాట సెప్పి సర్పంచిని సేసినారు. అయిదేళ్లు సర్పంచినట. పంచాయతీ ఆఫీసు గుమ్మం ఎన్నిసార్లు తొక్కినానో సెప్పండి సూద్దాం."

పోలారావు లెక్కవేసుకున్నాడు. జెండా పండుగకు ఒకసారి. ప్రమాణ స్వీకారానికి ఒకసారి. అంతకు మించి తేలలేదు.

"పార్టీ పోతాది," అన్నాడు.

"పోదు గదా. గిలక మీది చేదల్లాంటివి మీ రెండు పార్టీలూ. ఒకటి దిగితే రెండోది దానంతటదే పైకొత్తాది. మామయ్యగారు చెప్పింది, మీరు రోజూ అప్పజెప్పేది అదే కాదేటి? మరెందుకీ కంగారు?"

ఆ గిలక సిద్ధాంతం పోలారావు తండ్రిది. రాష్ట్రంలో ఉన్నవి రెండే పార్టీలు, జనానికి ఒకటంటే విసుగు పుడితే రెండోదాని దగ్గరికి రాక ఏం చేస్తారు, ఓపిక పట్టడమే ప్రతిపక్షం పని అని ఆయన వాదన. రెండుసార్లు అది నిజమైంది. రెండుసార్లు నిజమైన ప్రతి సంగతినీ ప్రకృతి నియమం అనుకోవడం మనుషులకు అలవాటే. చేద దానంతటది పైకి రాదనీ, నూతి దగ్గర ఎవరో ఒకరు నిలబడి తాడు లాగాలనీ ఆ ఇంట్లో ఎవరూ ఆలోచించలేదు, నీళ్లు తోడే కామేశ్వరమ్మ తప్ప.

"మరెవుల్ని పెట్టమంటావు?" అన్నాడు చివరికి.

"పడమటి వీధి ప్రమోదిని ఉంది గదా. మన గుమ్మంలోకి మూడుసార్లొచ్చింది మంచినీళ్ల ప్లాంటు గురించి. మూడుసార్లూ మజ్జిగిచ్చి పంపినాం."

పోలారావుకు ఆ మూడుసార్లూ గుర్తున్నాయి. ఉద్దానంలో మంచినీళ్ల మాట ఎవరు ఎత్తినా తేలిగ్గా తీసెయ్యగలిగేది కాదు; కిడ్నీ జబ్బుతో ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు మంచం పట్టారు. తమ పార్టీ అధికారంలో ఉన్నప్పుడు దొరపుట్టుగకు ఒక ప్లాంటు వచ్చింది. పడమటి వీధి ఓట్లు ఎలాగూ మనవే కదా అని, దాన్ని తమకు ఓట్లు పడని తూర్పు వీధిలో పెట్టించాడు. తూర్పు వీధివాళ్లు ఆ నీళ్లు తాగి, ఓటు యథాప్రకారం అవతలి పార్టీకే వేశారు. తరవాత ఆ ప్లాంటూ పాడైంది. బాగుచేయించమని ప్రమోదిని వచ్చే వేళకు తాము ప్రతిపక్షంలో ఉన్నారు. "ఇప్పుడు మన మాట ఎవులింటారమ్మా," అని చెప్పి పంపాడు.

అతను వెళ్లేసరికి ప్రమోదిని వాకిట్లో కూర్చుని జీడిపిక్కలు కొడుతోంది. ముప్ఫయ్యయిదేళ్లు ఉంటాయి. భర్త చెన్నైలో తాపీ పని చేస్తాడు. ఆమె మహిళా సంఘానికి నాయకురాలు. పోలారావు చెప్పినదంతా విని, చేతిలోని పిక్కను పూర్తిగా కొట్టి, పప్పు పక్కన పెట్టాకే తలెత్తింది.

"రవిశంకర్ బావ ఎల్లిపోనాడు కాబట్టి నాను గుర్తొచ్చినాను."

"అవునమ్మా," అన్నాడు పోలారావు. అబద్ధం చెప్పడానికి టైము లేదు.

"గెలుత్తానంటారా?"

"సెప్పలేను."

"గెలవను. నాకు తెలుసు," అంది ఆమె. "అయినా నిలబడతాను. పోటీ లేకండా అయిపోతే ఈ అయిదేళ్లూ మా వీధికి ఓటడగడానికైనా ఎవులూ రారు. ఓటడగడానికొచ్చినోడికే గదా నీళ్ల మాట సెప్పగలం."

సంఘం పనుల కోసం తిరిగిన మనిషి కాబట్టి ఆధార్, ధ్రువపత్రాలు అన్నీ ఒక సంచిలో సిద్ధంగా ఉన్నాయి. ఇక కావలసింది ప్రతిపాదకుడు, అంటే ఆమె పేరును ప్రతిపాదిస్తూ సంతకం చేసే మనిషి. ఆ మనిషి అదే స్థానంలో ఓటరై ఉండాలి.

"సన్యాసి తాత ఉన్నాడు గదా," అన్నాడు పోలారావు.

"తాత ఓటు ఏ జాబితాలో ఉందో సూసినారా? మా అత్త పేరు కోసం మొన్న ఎతికితే సానా పేర్లు అటూ ఇటూ అయిపోనాయి."

"సన్యాసి ఓటు మనూళ్లో కాక ఇంకెక్కడుంటాదమ్మా. మా నాన్నకి అతనే పెట్టినాడు సంతకం."

దొరపుట్టుగలో అది ఆనవాయితీ. మొదటి ఎన్నిక నుంచీ ఆ పార్టీ నామినేషన్ మీద ప్రతిపాదకుడిగా సంతకం పెట్టేది సన్యాసి ఇంటివాళ్లే. ముందు తండ్రి, తరవాత కొడుకు. సన్యాసి చెయ్యి మంచిదని పేరు. ఆ చేత్తో పది నామినేషన్లు పడ్డాయి. అందులో గెలిచినవి ఆరు. అవి సన్యాసి చేతి మహిమ. ఓడిన నాలుగింటికీ వేరే కారణాలున్నాయి: ఒకసారి వర్షం, ఒకసారి సారా, రెండుసార్లు నమ్మకద్రోహం. ఇలా లెక్క వేస్తే ఏ చెయ్యయినా మంచిదే అవుతుంది.

డెబ్బయ్యారేళ్ల సన్యాసి కబురందగానే స్నానం చేసి ఉతికిన పంచె కట్టాడు. కాని బయలుదేరనన్నాడు.

"మూడింటిదాకా వర్జ్యం బాబూ. వర్జ్యంలో గుమ్మం దాటకూడదు."

"అయిదింటికి తలుపులు మూసేత్తారు తాతా," అంది ప్రమోదిని.

"పలాస ఎంత దూరమని? మూడింటికి ఎక్కితే నాలుగింటికి దిగిపోతాం. మీ నాన్న ఎప్పుడూ వర్జ్యం సూడకండా కదలలేదు బాబూ."

తండ్రి పేరు ఎత్తేసరికి పోలారావు మెత్తబడ్డాడు. ఆటో వాకిట్లో ఉండగానే, ముగ్గురూ అరుగు మీద కూర్చుని పట్టపగలు రెండు గంటల సేపు గడియారం చూశారు. ప్రమోదిని ఒక్కసారి మాత్రం, "ఆల్ల అభ్యర్థి పొద్దున పదకొండింటికే ఏసొచ్చింది. మరి ఆల్లకి వర్జ్యం లేదేటి?" అంది. సన్యాసి పంచె కుచ్చెళ్లు సర్దుకున్నాడు.

మండల పరిషత్తు ఆఫీసు చేరేసరికి నాలుగు దాటి అయిదు నిమిషాలైంది. వేరే ఊళ్లవాళ్లు ఆరుగురు టోకెన్లు పట్టుకుని వరసలో ఉన్నారు. హెల్ప్ డెస్కు దగ్గర కూర్చున్న గుమాస్తా మర్యాదస్తుడు. ఒక్కొక్క కాగితమూ ఓపికగా చూస్తున్నాడు. ఆ ఓపికను చూస్తూ పోలారావు మాటిమాటికీ టైము చూసుకున్నాడు. వీళ్ల వంతు వచ్చేటప్పటికి నాలుగూ ఇరవై రెండు.

గుమాస్తా ప్రమోదిని పేరు చూసి టిక్కు పెట్టాడు. సన్యాసి పేరు దగ్గర వేలు ఆగింది. పేజీ తిప్పాడు. మళ్లీ వెనక్కి తిప్పాడు. ఇంకో జాబితా తీశాడు.

"ఈయన ఓటు ఈ స్థానంలో లేదండీ. గుడి వెనక ఇళ్లన్నీ పక్క స్థానంలోకి వెళ్లాయి. ఈయన అక్కడ ప్రతిపాదించవచ్చు గాని, ఇక్కడ చెల్లదు. ఇలాగే వేస్తే రేపు పరిశీలనలో తీసేస్తారు."

"ఎప్పుడు మారినాది? మాకెవులూ సెప్పలేదే," అన్నాడు పోలారావు.

"జాబితా జనవరిలోనే అతికించామండీ. పార్టీలకు తలా ఒక ప్రతి ఇచ్చాం." అతను రిజిస్టరు తిప్పి చూపించాడు. "మీ పార్టీ తరఫున తీసుకున్నట్టు సంతకం ఉంది."

సంతకం పోలారావుదే. ఆ ప్రతి ఇంట్లో, బీరువా మీద, వచ్చిన కవరులోనే ఉంది. ఊళ్లో ఎవరి ఓటు ఎవరిదో తనకు ఇంటి పేర్లతో సహా కంఠతా వచ్చు కదా అని విప్పలేదు.

సన్యాసి రెండు చేతులూ బల్ల మీద ఆనించి అడిగాడు: "అంటే నాను మా ఊరోడిని కాదా బాబూ?"

"మీది ఆ ఊరే తాతగారూ. ఓటు మాత్రమే పక్క స్థానంలో ఉంది."

ముప్ఫయ్యెనిమిది నిమిషాలు మిగిలాయి. ఊరికి వెళ్లి ఇంకొకరిని తేవడం అసాధ్యమని లెక్క వెయ్యకుండానే తెలుస్తోంది. పోలారావు ఆవరణంతా కలయజూశాడు. దొరపుట్టుగ ఓటర్లు అక్కడ లేకపోలేదు. వేపచెట్టు కింద నలుగురున్నారు, నలుగురి మెడల్లోనూ అవతలి పార్టీ కండువాలే.

"నూకమ్మప్ప ఇక్కడే పని సేత్తాది," అంది ప్రమోదిని. "రెండు వీధులవతల జీడి ఫ్యాక్టరీలో. దాని ఓటు మా వీధిలోనే ఉంది, నాను సూసినాను."

"యువరాజు పెళ్లామా? వాడు ఆల్ల జెండా మోసేవోడు."

"మొగుడు ఏ జెండా మోత్తాడో కాదు బాబూ, దాని ఓటెక్కడుందో సూడాల. మీరు టోకెను పట్టుకోని ఇక్కడే ఉండండి." చెప్పులు చేతిలో పట్టుకుని ఆమె గేటు దాటి పరుగెత్తింది.

పోలారావు వరండాలో నిలబడ్డాడు. జేబులో తిరుమలరావుగారు సంతకం చేసి పంపిన బీ-ఫారం ఉంది. ఆ కాగితం ఉంటేనే పార్టీ గుర్తు వస్తుంది. అభ్యర్థి పేరు రాయవలసిన చోటు ఇంకా ఖాళీ. నాలుగున్నర అయింది. రవిశంకర్ వేపచెట్టు కింది నుంచి లేచి వచ్చాడు. వరసకు మేనల్లుడు. ఇరవై ఏళ్లు తన వెనక తిరిగాడు.

"మావా, ముసిలోణ్ణి ఈ ఎండలో ఎందుకు తిప్పుతావు? ఏకగ్రీవం అయితే ఊరికి డబ్బులొత్తాయి. రోడ్డేసుకుందాం."

"నిన్న సాయంత్రం అయిదింటికి ఈ మాట సెప్పలేకపోయినావా?"

"నిన్న అయిదింటికి నాకూ తెలీదు మావా." రవిశంకర్ గొంతు తగ్గించాడు. "నువ్వు మంచోడివే. కాని అయిదేళ్లయి నాకు సెప్పినదేటి? ఆగు, గాలి మారుతాది. ఎన్నాళ్లాగాల? నా కొడుక్కి ఉజ్జోగం ఆగుతాదా?"

తిత్లీ తుపానుకు తోటలో అరవై కొబ్బరిచెట్లు ఒక్క పూటలో పడిపోయినప్పుడు మాత్రం పోలారావు ఆగలేదు. చెట్లు వాటంతటవి లేస్తాయని అనుకోలేదు. దుంగలు లాగించి, గోతులు తీయించి, ఆ వేసవికే మొక్కలు పెట్టించాడు. ఇప్పుడు కాపు కాస్తున్నాయి. తోట విషయంలో ఉన్న ఇంగితం పార్టీ విషయంలో ఎందుకు లేకపోయిందో అతనికి తోచలేదు. ఊళ్లో ఒక్కో ఇల్లూ జారిపోతుంటే తాను కొత్తవాళ్లెవరినీ చేర్చలేదు. వెళ్లినవాళ్లే తిరిగొస్తారని వాకిట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాడు.

నాలుగూ నలభై. నలభై నాలుగు. ఫోను మోగింది, తెర మీద తిరుమలరావుగారి పేరు. పోలారావు తియ్యలేదు. అది ఆగి మళ్లీ మోగింది. సన్యాసి మెట్టు మీద కూర్చుని, ఎవరితోనో కాక తనలో తాను, "వర్జ్యం సూసినాను గదా," అంటున్నాడు.

నలభై ఎనిమిదికి ఇద్దరు ఆడవాళ్లు గేటులోంచి వచ్చారు. నూకమ్మ సన్నగా, పొడుగ్గా ఉంది. జీడి జిడ్డు చర్మాన్ని తినెయ్యకుండా పూసుకున్న బూడిద మోచేతుల దాకా అలాగే ఉంది. వేపచెట్టు వైపు ఒకసారి చూసింది గాని, మొహం దాచుకోవడానికి కొంగు లాక్కోలేదు.

"సంతకం నేర్సుకున్నాను, పెడతాను," అంది పోలారావుతో. "ఒక్క మాట. ఆ కాగితం మీద మీ పార్టీ పేరుండకూడదు."

పోలారావుకు అర్థం కాలేదు. "పార్టీ పేరు లేకపోతే గుర్తు రాదమ్మా."

"రాకపోతే మానె. మా ఇంట్లో ఇప్పటికే ఒక పార్టీ ఉంది. అది తెచ్చిన తగువులే సాలు. రెండో పార్టీకి సంతకం పెట్టినానంటే అతగాడి ముందు నా దగ్గిర మాటుండదు. ప్రమోదినికి పెట్టినానంటే ఉంటాది. మా వీధి పిల్ల, నీళ్ల కోసం తిరిగింది, పెట్టినాను. అంతే."

"రేపు నాను యువరాజుతో మాటాడతాను."

"మీరు మాటాడితే ఇంకా సెడతాది బాబూ."

పోలారావు ప్రమోదిని వైపు తిరిగాడు. పరుగెత్తి వచ్చిన ఆయాసం ఆమెకు ఇంకా తగ్గలేదు. "నువ్వు సెప్పమ్మా," అన్నాడు.

"నూకమ్మప్ప లేకపోతే నామినేషనే లేదు. మీరు తెచ్చినారు గాబట్టి మిమ్మల్ని అడక్కండా రాయను. పదకొండు నిమిషాలుంది."

నలభై ఏళ్లలో మొదటిసారి దొరపుట్టుగ బ్యాలెట్ మీద తమ గుర్తు ఉండదు. ఒక దారిలో పోటీ ఉంటుంది, పార్టీ ఉండదు. రెండో దారిలో రెండూ ఉండవు. ఈ మాత్రం తర్కానికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా పోలారావు బీ-ఫారం ఉన్న జేబు మీద చెయ్యి వేసుకున్నాడు, గుండెనొప్పి వచ్చినవాడిలా. తండ్రి ఉంటే ఏమనేవాడో ఊహించబోయాడు. ఊహకు అందలేదు, ఆయనకు ఇలాంటి రోజు రాలేదు.

"స్వతంత్ర అని రాయమ్మా," అన్నాడు.

ప్రమోదిని రాసింది. నూకమ్మ బూడిద చేతిని చీరకు తుడుచుకుని, అక్షరం అక్షరమూ కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. గుమాస్తా జాబితాలో వెతికి టిక్కు పెట్టాడు. ఈసారి పేజీ తిప్పవలసిన పని లేకపోయింది. లోపలి అధికారి కాగితాలు తీసుకుని రశీదు ఇచ్చేటప్పటికి నాలుగూ యాభై ఎనిమిది.

బయటికి రాగానే మళ్లీ ఫోను. ఈసారి తీశాడు.

"ఏసినారా?" అన్నారు తిరుమలరావుగారు.

"ఏసినాం. ఏకగ్రీవం కాదు."

"సెబాస్. మన గుర్తే గదా?"

"కాదండీ. స్వతంత్ర."

"అంటే ఆ ఊళ్లో మనం ఉన్నట్టా, లేనట్టా?" అని వినిపించింది.

"తెలీదండీ."

"గెలిస్తే మన కండువా ఏసుకుంటాదా?"

"గెలిస్తే ఆల్లూ ఇదే అడుగుతారు. ఎవులికేటి సెప్పుతాదో ఆవిడిట్టం."

"రేపు టెక్కలి రా. మాటాడదాం," అని ఆయన పెట్టేశారు. మెత్తగానే అన్నారు. అధ్యక్ష పదవి ఉంటుందో పోతుందో ఆ మెత్తదనంలో తేలలేదు.

ఆటో దగ్గరికి వచ్చేసరికి వెనక సీటు నిండిపోయి ఉంది. నూకమ్మ కూడా వాళ్లతో పాటు ఊరికి వస్తోంది. ఆమెకూ ప్రమోదినికీ మధ్య సన్యాసి ఇరుక్కుని కూర్చున్నాడు. ఎవరూ జరగలేదు. పోలారావు డ్రైవరు పక్కన సగం సీటు మీద ఒరిగి, కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. కాశీబుగ్గ దాటాక గాలికి వెనకవాళ్ల మాటలు ముక్కలు ముక్కలుగా వినిపించాయి.

"ఓటు అటెల్లినా, ఇటొచ్చి నీకు ఓటెయ్యమని సెప్పకూడదని రూలేటీ లేదు గదమ్మా?" అని సన్యాసి అడుగుతున్నాడు.

"లేదు తాతా. అటు మీ గుడి ఎనకోళ్ల సుట్టాలు మా వీధిలో ఎంతమందో సెప్పు ముందు," అంటోంది ప్రమోదిని. "రేపు పొద్దున తూర్పు వీధితోటి మొదలెడదాం. ప్లాంటు పాడయ్యి ఆల్లూ నీళ్లు కొనుక్కుంటన్నారు."

"యువరాజు అక్క ఇల్లు అక్కడే," అంది నూకమ్మ. "ముందది తలుపు తీత్తే మిగతావోళ్లు తీత్తారు."

తూర్పు వీధికి వెళ్లడం దండగ, అక్కడ మన ఓట్లు లేవు అని చెప్పడానికి పోలారావు వెనక్కి తిరిగాడు. ముగ్గురూ మాట ఆపి అతని వైపు చూశారు. అక్కడ ఎవరి ఓటు ఎవరిదో చెప్పబోయిన నోరు అలాగే ఆగింది. అతనికి తెలియదు. ఎన్నాళ్ల నుంచి తెలియదో కూడా తెలియదు.

"ఏటి బాబూ?" అంది ప్రమోదిని.

"ఎన్నింటికి మొదలెడతారు?" అని అడిగాడు.

"ఆరింటికి. ఆల్లు పనుల్లోకి ఎల్లిపోకముందు," అని చెప్పి, ఆమె నూకమ్మతో ఆగిన మాట మళ్లీ అందుకుంది. అతన్ని రమ్మని గాని, వద్దని గాని అనలేదు.